పొలి గంప నడిచిన దారి

పత్రిక ఉద్యోగం మానేసిన ఏడాది, గుంటూరులో పాత పుస్తకాల బండి మీద ఒక ఇంగ్లీషు పుస్తకం కొన్నాను. ఇంగ్లండులో ఒక మారుమూల పారిష్ చరిత్ర అది. పారిష్ అంటే ఒక చర్చి కింద ఉండే ఊరూ, దాని పొలాలూ. రాసింది ఆ చర్చి పాస్టరే. ఊరిని ఏలిన రెండు జమీందారీ కుటుంబాలు, వాళ్ళ బంగళాలు, ఏ చేనుకు ఏ పేరు, ఏ బావి ఎవరు తవ్వించారు, అంతే. రాజులు లేరు, యుద్ధాలు లేవు. అయినా మూడు రోజుల్లో చదివేశాను. అందులో ఒకచోట, ఏటా ఒక రోజు ఊరి జనమంతా పాస్టరు వెంట పారిష్ హద్దు చుట్టూ నడిచేవారని, కర్రలతో హద్దు రాళ్ళను కొట్టేవారని ఉంది. హద్దు ఎక్కడుందో ఎవరూ మరిచిపోకుండా ఉండటానికట.

అది చదివితే మా ఊరి పొలి గుర్తొచ్చింది.

మా ఊరు నకరికల్లుకు పడమర. సాగర్ కుడి కాలవ రాకముందు జొన్న, వరిగ పండిన నేల. వచ్చాక మిరప, పత్తి. పుస్తకం సంగతి మాటల్లో మా సర్పంచికి చెబితే ఆయన పట్టుకున్నాడు.

"ముప్పై ఏళ్ళు పేపర్లో రాశావు గదన్నా, మన ఊరి గురించి ఏం రాశావు? కాలవకు గండి పడిందని ఓసారి, లారీ బోల్తా కొట్టిందని రెండు సార్లు. అంతేగా? మన ఊరి చరిత్ర కూడా రాయి. బడి కొత్త బిల్డింగు తెరిచేప్పటికి అచ్చు వేయిద్దాం."

సరేనని ఒక నోటుపుస్తకం కొన్నాను.

మా ఊరికీ రెండు దివాణాలు ఉండేవి. ఒక పెద్ద జమీందారు ఎప్పుడో ఈ ఊరిని ఇద్దరు అన్నదమ్ములకు రాసిచ్చాడని చెబుతారు. పెద్దవాడిది ఎగువ దివాణం, చిన్నవాడిది దిగువ దివాణం. ఎస్టేట్లు రద్దయ్యాక ఎగువ దివాణం వాళ్ళు ఎటో వెళ్ళిపోయారు. ఇల్లు కూలింది. కూలిందంటే గాలికో వానకో కాదు, ఊరే కొద్దికొద్దిగా మోసుకెళ్ళింది. పల్నాడులో నాపరాయి ఉంటే దాన్ని ఎవరూ ఊరికే పడి ఉండనివ్వరు. నేను ఇల్లిల్లూ తిరిగి చూశాను. మసీదు వీధిలో టైలరు అరుగు, హోటలు ముందు టీ గ్లాసులు కడిగే బండ, బడిలో నీళ్ళ కుండలు పెట్టే దిమ్మె, అన్నీ ఎగువ దివాణం రాళ్ళే. మంచి నునుపు, అంచుకు సన్నటి గీత. ఒక ఇంట్లో ముసలమ్మ ఆ బండ మీద పచ్చడి నూరుతూ, "దొరలు దీని మీద పడుకునేవాళ్ళంట, ఇప్పుడు మా గోంగూర పడుకుంటంది" అని నవ్వింది. ఒక పెద్ద ఇల్లు ఇంత హాయిగా ఊళ్ళో కలిసిపోవడం నేను మరెక్కడా చూడలేదు.

దిగువ దివాణం ఇంకా ఉంది. పేరుకే దివాణం, పెంకుల మీద రేకులు వేసిన ఇల్లు. డెబ్బై దాటిన పెద్దమ్మగారు, ట్రాక్టరు తోలుకునే కొడుకు, కోడలు, ఇద్దరు ఆడపిల్లలు ఉంటారు. ఆమె నన్ను వంటింటి వాకిట్లోనే కూర్చోబెట్టి ఎస్టేటు నాటి గుడ్డ మ్యాపు తెచ్చి పరిచింది. ఊరంతా చేత్తో గీసి ఉంది. ఒక్కొక్క చేను మీద దాని పేరు: కుమ్మరి మాన్యం, డప్పు మాన్యం, నక్కల చెలక. ఎంత అందమైన దస్తూరీ! కానీ పడమటి మూలను చెదలు తినేసింది. అరచేతి మేర గుడ్డే లేదు.

"ఆ మూల సంగతి ఇంక నన్నడగబాక నాయనా, పొలి మోసేటాయన్ని అడుగు. ఆయనకు తెలవనిది మా మ్యాపుకు మాత్రం ఏం తెలుసుద్ది?" అంది.

పొలి అంటే తెలియని వాళ్ళ కోసం నాలుగు మాటలు. కొన్నేళ్ళకొకసారి మా గ్రామదేవతకు కొలుపు చేస్తారు. అమ్మవారి ముందు కలిపిన అన్నాన్ని గంపకెత్తి, తెల్లవారుజామున ఒక మనిషి నెత్తిన పెట్టుకుని ఊరి పొలిమేర అంతా చుడతాడు. గుప్పెడు గుప్పెడు హద్దు వెంట చల్లుతాడు. డప్పులు ముందు నడుస్తాయి. గంప మోసేవాడు గానీ, వెంట నడిచేవాళ్ళు గానీ మాట్లాడకూడదు, వెనక్కి చూడకూడదు, పక్కకీ చూడకూడదు. పొద్దు పొడిచేలోపు ఊరి నడుమ బొడ్రాయి దగ్గరికి తిరిగి రావాలి. ఆ చుట్టు లోపల ఉన్నదంతా అమ్మవారి కాపుదలలో ఉన్నట్టు లెక్క. పక్క ఊళ్ళ వాళ్ళు ఆ తెల్లవారుజామున కర్రలు పట్టుకుని తమ వైపు హద్దు మీద నిలబడతారు. గంప ఒక్క అడుగు తమ నేలలో పడినా తమ పంటలో సత్తువ ఎత్తుకుపోయినట్టే అని వాళ్ళ నమ్మకం. అందుకని గంప మోసేవాడి కాలు గీత మీద నడవాలి. అటు పడితే తగువు, ఇటు పడితే ఊరి నేల కొంత బయట వదిలేసినట్టు.

మా ఊళ్ళో ఆ గంప కాలనీలో ఒకే ఇంటిది. నా చిన్నప్పటి నుంచి మోస్తున్నది ఒకే మనిషి. నేను ఆయన్ని మామా అంటాను, ఆయన నన్ను అల్లుడూ అంటాడు. ఎనభైకి దగ్గర పడినా నిటారుగా ఉంటాడు. ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చుంటాడు, కొలుపుకు గంప ఎత్తుతాడు. పాస్టరు ఏమీ అనడా అని అడిగితే, "అన్నాడు. అయ్యా, ఆదివారాలన్నీ నీయే, కొలుపు ఎప్పుడో ఒక్కసారి అని చెప్పా. ఊరుకున్నాడు" అన్నాడు.

హద్దు చుట్టూ నాకు నడిచి చూపించమని అడిగాను.

"ఊరకే నడిస్తే ఏం కనపడుద్ది అల్లుడూ? గంప నెత్తినుంటేనే కాళ్ళకు తెలిసేది" అని నవ్వాడు గానీ వచ్చాడు.

పొద్దున్నే మొదలుపెట్టాం. ఆయన ముందు, నేను నోటుపుస్తకంతో వెనక. తుమ్మ మొద్దు, పాత దిగుడుబావి, పగిలిన తొట్టి, ఒక్కొక్కటీ చెబుతూ నడిచాడు. ఎక్కడ ఎవరి తాత కర్ర ఎత్తాడో, ఎక్కడ ఏ రెండు ఊళ్ళు పాతికేళ్ళు మాట్లాడుకోలేదో అన్నీ వరసగా వచ్చాయి. ఇన్నేళ్ళు తాలూకా ఆఫీసుల చుట్టూ తిరిగినా నాకు అంత పొందికగా ఎవరూ ఏదీ చెప్పలేదు. వాయవ్యంలో ఒక హద్దు రాయి ఇంకా నిలబడి ఉంది. అక్కడికి వచ్చాక ఆయన ఆగిపోయాడు.

ఎదురుగా దిగువ దివాణం మిరప తోట. తోట నడుమ ఒక దిబ్బ. కాలనీ వాళ్ళ సమాధులన్నీ ఆ దిబ్బ మీదే. ఆయన భార్యను కూడా అక్కడే పెట్టారు. సిలువ చెక్కిన నాపరాయి దూరం నుంచే కనిపిస్తుంది. దాని పక్కన ఒక మనిషి పట్టేంత చోటు ఆయన తనకోసం చదును చేయించుకున్నాడు.

"ఇక్కణ్ణించి దక్షిణం రాయి దాకా నువ్వే రాసుకో. మొన్న కొలుపుకి కుర్రాళ్ళు చూశారుగా, వాళ్ళనడుగు. నాకు మోకాళ్ళు లాగుతున్నయ్" అని రాయి మీద కూర్చున్నాడు.

కుర్రాళ్ళను అడిగాను. గంప తోటకు తూర్పు గట్టు మీదుగా పోతుందని చెప్పారు. అట్లాగే రాసుకున్నాను. అంతదూరం అలుపు లేకుండా నడిచిన మనిషికి అక్కడే మోకాళ్ళు ఎందుకు నొప్పి పుట్టాయో అడగలేదు.

ఆ తర్వాత కొన్ని నెలలకు రీసర్వే మా ఊరికి వచ్చింది. సర్వేయరు ఇరవై అయిదేళ్ళ అమ్మాయి. చేతిలో రోవర్, అంటే ఉపగ్రహం నుంచి కొలత తీసుకునే కర్ర. మిగతా మూడు వైపులా రెండు రోజుల్లో పూర్తయింది. పడమట ఆగింది. వాయవ్యం రాయి ఉంది, దక్షిణం రాయి ఉంది, నడుమ ఉండాల్సిన మూడు రాళ్ళు లేవు. పడమటి ఊరి వాళ్ళనూ మా వాళ్ళనూ తోట దగ్గరికి పిలిపించింది.

"రెండు ఊళ్ళ వాళ్ళూ ఒకే మాట చెబితే పాయింటు పెట్టుకుంటాను. చెప్పకపోతే వివాదం అని రాసి పైకి పంపుతా. ఎన్నేళ్ళు పడుతుందో నాకు తెలీదు" అంది.

పడమటి ఊరి తరఫున ఒక పంచాయతీ మెంబరు, ఒక పెద్ద సాయిబు వచ్చారు. సాయిబు డీజిలింజన్లు బాగు చేసేవాడు, ఇప్పుడు కళ్ళు సరిగా ఆనక మానేశాడు. మెంబరు ఏ కాగితమూ తేలేదు. జేబులోంచి ఫోను తీశాడు.

"దీంట్లో ఉంది హద్దు, చూడండమ్మా."

అది మా కుర్రాళ్ళు క్రితం కొలుపుకి డ్రోనుతో తీసిన వీడియో. దానికి పాట కలిపి వాళ్ళే అందరికీ పంచారు. పైనుంచి చూస్తే కాగడాల వరస తోటకు తూర్పు గట్టు మీదుగా స్పష్టంగా సాగిపోతోంది. దిబ్బ పడమరగా, చీకట్లో మిగిలిపోయింది.

"వీళ్ళ పొలి దిబ్బకు తూర్పున పోయింది గదా. మరి దిబ్బ ఎవరిది? మాది. మా పంచాయతీ ఆ జాగాలో ఇళ్ళ స్థలాలు ఇద్దామనుకుంటంది. సమాధులు వేరే చోటికి మార్చుకోమనండి."

ఏ కొలుపులోనూ గంప అడుగు తప్పలేదని ఊరంతా చెప్పుకునే గొప్ప. ఆ గొప్పే ఇప్పుడు ఎదుటివాడి చేతిలో సాక్ష్యమైంది. సర్పంచి నా నోటుపుస్తకం అడిగి తీసుకున్నాడు. ఆ పేజీ చదివి మూసి నా చేతికిచ్చాడు. నేనూ అదే రాసి పెట్టాను.

మామ తుమ్మ నీడలోంచి లేచి వచ్చాడు.

"ఆ ఫోను ఆపు నాయనా. అది చూపించేది నిజమే. గంపే తప్పు నడిచింది. ఒకసారి గాదు, మూడు కొలుపులు."

ఆయన తలగుడ్డ విప్పి చేత్తో పట్టుకున్నాడు.

"మొదటిసారి తోట మంచి కాయ మీదుంది. హద్దు గట్టు దున్నేసి అటూ ఇటూ మిరపే వేశారు. అంతమంది తొక్కితే ఏం మిగులుద్ది? ఈ ఒక్కసారికి చుట్టు తిరిగి పొమ్మన్నారు, పోయా. పంట తొక్కడానికి నాకూ మనసు రాలా. ఆ తర్వాత కొలుపుకి డప్పులోళ్ళు వాళ్ళంతట వాళ్ళే అటే మళ్ళారు. మాట్లాడకూడదు గదా, వాళ్ళెనకే పోయా. మూడోసారి... మూడోసారికి నాకు సిగ్గేసింది. ఇన్నాళ్ళు తప్పు నడిచా అని ఏ మొహంతో చెప్పను?"

మా ఊరి వాళ్ళలోంచే ఒక గొంతు లేచింది. "అందుకేనా ఆ ఏడు మిరపకు నల్ల తామర పురుగు పడి ఊరు ఊరంతా నాశనమైంది!"

ఆ మాటకే ఆయన ఇన్నేళ్ళు భయపడి ఉంటాడు. తల వంచుకున్నాడు గానీ నిలబడిన చోటి నుంచి కదల్లేదు.

"పురుగు సంగతి నన్నడగండిరా."

దిగువ దివాణం పెద్దమ్మగారు. కొడుకు బండి వెనక కూర్చుని వచ్చి, ఎప్పుడు దిగిందో, గట్టు మీద నిలబడి ఉంది.

"తొక్కబాకండి, చుట్టు తిరిగి పొండి అన్నది నేను. నోరు తెరిచి అడిగింది నేనైతే ఆయన్నంటారేంది? ఆ మూడు రాళ్ళు పీకింది కూడా మా ట్రాక్టరే. మా పిల్ల కాలవ మీద పరిచి ఉన్నయ్, రోజూ వాటి మీదే దాటుతున్నాం. పోయి చూసుకోండి."

కొడుకు "అమ్మా" అన్నాడు మెల్లగా. దిబ్బకు పడమటి పక్క హద్దు తేలితే, దాన్ని దాటి ఇన్నాళ్ళూ దున్నుకున్నది పోతుందని అతనికి తెలుసు. ఆమెకూ తెలుసు.

"ఏందిరా అమ్మా? రాయి కళ్ళ ముందుంటే అబద్ధం చెప్పమంటావా?"

నేను పత్రికలో ఉన్నన్నాళ్ళూ పెద్ద ఇళ్ళ వాళ్ళు తప్పు ఒప్పుకోవడం చాలా తక్కువగా విన్నాను. ఎవరూ పట్టుకోకముందే ఒప్పుకోగా వినడం అదే మొదటిసారి.

మెంబరు వదల్లేదు. "రాళ్ళు ఇప్పుడు యాడున్నయ్యో తెలిసి ఏం లాభం? అప్పుడు యాడుండేవో తెలవాలి గదా?"

మామ మా కుర్రాళ్ళ వైపు తిరిగి, "గంప తెండి" అన్నాడు.

కాలనీ నుంచి ఒక గంప వచ్చింది. ఖాళీగా నెత్తిన పెట్టుకుని రెండడుగులు వేసి దించేశాడు. బరువు లేకపోతే కాళ్ళకు తెలియడం లేదన్నాడు. దివాణం కొడుకు తనే వంగి తోటలోని మట్టిపెళ్ళలు గంపలో నింపాడు. పైకెత్తి, చుట్టకుదురు సర్ది, ఆయన నెత్తిన పెట్టాడు.

"మామా, తోట తొక్కుతావు మరి" అన్నాను నేను.

పెద్దమ్మగారు, "తొక్కనీ" అంది.

వాయవ్యం రాయికి మడమ ఆనించి మొదలుపెట్టాడు. కళ్ళు నేల మీద లేవు, ఎదుటి కొండ మీదున్నాయి. మిరప చెట్లు కాళ్ళకు అడ్డం పడుతుంటే పక్కకు తొలగలేదు. సర్వేయరమ్మ రోవర్ పట్టుకుని వెనకే నడిచింది. సాయిబు ఆయనకు పడమటి పక్కన, పాత రోజుల్లో కర్ర పట్టుకున్నట్టే చేతికర్ర పట్టుకుని నడిచాడు. దిబ్బకు పడమరగా వచ్చాక మామ ఎడమకు చిన్నగా మళ్ళాడు. మాకెవరికీ అక్కడ ఏ గుర్తూ కనపడలేదు. సాయిబు ఆగాడు.

"ఒరేయ్, ఇక్కడే గదా నీ కాలు మా వైపు పడిందని నేను కర్ర ఎత్తింది?"

పొలి కాదు గనుక మామ మాట్లాడాడు. "ఎత్తావు. కొట్టలా."

"కొట్టినట్టే గుర్తు నాకు."

"గంప మోసేవాణ్ణి కొట్టుంటే అమ్మోరు నీ ఇంజన్లు ఒక్కటన్నా తిరగనిచ్చేదా సాయిబూ?"

"ఇప్పుడు మాత్రం ఏం తిరుగుతున్నయ్ లే" అని సాయిబు మెంబరు వైపు తిరిగాడు. "రాసుకో బేటా. మలుపు ఇదే. మేం ఆరుగురం ఇక్కడ నిలబడేవాళ్ళం. మిగతా అయిదుగురూ పోయారు, నేనున్నా. ముసలోణ్ణి ఇప్పుడు అబద్ధం చెప్పమనబాక."

మామ దక్షిణం రాయి దగ్గరికి వచ్చి ఆగాడు. కాలి బొటనవేలు రాయికి తగిలింది. సర్వేయరమ్మ తన దగ్గరున్న పాత సర్వే మ్యాపు తీసి రోవర్ తెరతో పోల్చి చూసుకుని, "ఈ వంపు నా మ్యాపులో కూడా ఉంది. ఎక్కడ మొదలవుతుందో తెలియకే ఆగాను" అంది. మెంబరు ఫోను జేబులో పెట్టుకున్నాడు. రెండు ఊళ్ళూ సంతకాలు పెట్టాయి. సాయిబు వేలిముద్ర వేశాడు. దిబ్బ మా ఊళ్ళో ఉండిపోయింది.

గంప దించి ఆయన గట్టు మీద కూర్చున్నాడు. పెద్దమ్మగారు ఇంటికి మనిషిని పంపి మజ్జిగ తెప్పించింది.

పురుగు మాట అన్నవాళ్ళు కొన్నాళ్ళు అంటూనే ఉన్నారు. ఆయన అమ్మవారి ముందు కొబ్బరికాయ కొట్టి, ఆదివారం చర్చిలో కూడా నిలబడి తప్పు చెప్పుకున్నాడని తర్వాత తెలిసింది. రెండు చోట్లా ఎందుకు మామా అంటే, "ఎవరికి కోపమొచ్చిందో మనకేం తెలుసు?" అన్నాడు.

ఊరి చరిత్రలో హద్దుల అధ్యాయం మళ్ళీ రాశాను. పడమటి దారి సరిచేసి, మూడు కొలుపుల మాట మర్యాద కోసం వదిలేశాను. అచ్చుకు ఇచ్చేముందు ఆయనకు చదివి వినిపించాను. అంతా విని, "నేను తప్పు నడిచింది ఏది?" అన్నాడు.

"అదెందుకులే మామా?"

"రాయి అల్లుడూ. రాయకపోతే ఆ ఫోనులో బొమ్మే మిగులుద్ది. రేపు ఎవడన్నా అది చూసి నా అడుగులోనే అడుగేస్తాడు. అది మాత్రం తప్పకుండా రాయి."

రాశాను. ఊరి పుస్తకంలో అది నాకు చాలా ఇష్టమైన పేజీ. దివాణాలకు ఇచ్చిన పేజీల కంటే కూడా.

పోయిన కొలుపుకి గంప ఆయన చెల్లెలి కొడుకు ఎత్తాడు. లారీ డ్రైవరు, బలమైన మనిషి. మామ పక్కన నడిచాడు, నేను వెనక. తెల్లవారడానికి కాస్త ముందు పడమటి మూలకు చేరాం. మిరప మొక్కలు రెండు వైపులా మోకాలెత్తు ఉన్నాయి. నడుమ మనిషి నడిచేంత సాలు ఒకటి ఉత్తగా వదిలేసి ఉంది. వాయవ్యం రాయి నుంచి, దిబ్బకు పడమరగా, ఆ వంపుతో సహా దక్షిణం రాయి దాకా దివాణం వాళ్ళు అందులో ఒక్క మొక్క నాటలేదు. పీకిన మూడు రాళ్ళూ మళ్ళీ నిలబడి ఉన్నాయి. కాళ్ళ కింద అరిగిన ముఖం సాలు వైపు పెట్టి పాతారు.

డప్పులు ఆ సాలులోకి మళ్ళాయి. గంప గుప్పెడు గుప్పెడుగా చల్లుకుంటూ సాగింది. ఎవరూ మాట్లాడలేదు, అందరూ ఎదుటికే చూస్తున్నారు. దిబ్బ పక్కకు వచ్చినప్పుడు మామ తల తిప్పి సిలువ రాయి వైపు చూశాడు. పొలి వెంట నడిచేవాడు పక్కకు చూడకూడదు. ఆయన చూశాడు, మేమంతా చూశాం. ఇంటికొచ్చాక కూడా ఆ మాట ఎవరూ ఎత్తలేదు.